పసిబిడ్డ మందు: కొలత, వేళ, గడువు

మన పల్లెలలో పైరునకు చల్లునదియు మందే, పసిబిడ్డకు త్రాగించునదియు మందే. పేరొక్కటే యైనను జాగ్రత్త మాత్ర మొక్కటిగా లేదని చెప్పుటకు మాకు సంకోచము లేదు. మిరపతోటకు మందు కొట్టు దినమున నడికుడి రైతు లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లో తెలిసికొని, కొలపాత్రతో కొలిచి, గాలివాటము చూచి మరీ చల్లును. ఆ రాత్రియే యింట బిడ్డకు జ్వరము తగిలినచో చేతికందిన చెంచాతో మందు గొంతులో పోసి నిద్రపుచ్చును. పైరునకు గల కొలత బిడ్డకు లేకపోవుట న్యాయమా? ఈ నెల సోదర సభ్యులకు మేము చేయు విన్నప మిదియే.

ఆంటీబయాటిక్ మందులు రోగము కలిగించు బాక్టీరియా యను సూక్ష్మజీవులను చంపును, లేదా వాని పెరుగుదల నాపును. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకులై యుండగా, అచ్చటి బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు చేనిమట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. మట్టిలో పుట్టిన మందు రైతుబిడ్డకు పరాయిది కాదు. అయినను ఆ కుటుంబపు మందులను ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు సాధారణముగా వాడరు. ఎదుగుచున్న దంతములకు వానివలన రంగు పట్టును. మేలైన మందైనను అందరికిని, అన్నిటికిని తగదనుట కిదియే నిదర్శనము.

పిల్లలకు వచ్చు జలుబు, దగ్గులలో పెక్కు వైరసులవలన కలుగునవి. వానిపై నీ మందులు పనిచేయవు. కావున అంగడికి పోయి "మొన్న పెద్దవానికిచ్చిన సీసాయే యిమ్ము" అనుట మొదటి తప్పు. వైద్యుడు బిడ్డను చూచి, తూచి, బరువునుబట్టి మోతాదు నిర్ణయింపవలెను. చీటీ లేక వీనిని అమ్మరాదని చట్టమే చెప్పుచున్నది. వీనిలో కొన్నింటి అమ్మకమును అంగడివారు ప్రత్యేకముగా పుస్తకములో వ్రాయవలెనను నియమము 2014 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఈ మందు తరచుగా పొడిరూపమున సీసాలో వచ్చును. నీరు మనమే కలుపవలెను. మేమెరిగిన యొక యింట, పొడి కరగినది చాలునని సగము నీరే పోసిరి. బిడ్డకు ప్రతిసారియు రెట్టింపు మందు పడి కడుపు చెడినది. తల్లిని నిందింపలేము, ఆమెకు చెప్పినవారు లేరు. పద్ధతి యిది: మొదట సీసాను తట్టి పొడిని వదులు చేయవలెను. సీసాతో వచ్చిన నీటినిగాని, కాచి చల్లార్చిన నీటినిగాని గీతకు దిగువవరకు పోసి బాగుగా కుదుపవలెను. నురుగు తగ్గిన పిమ్మట గీత మట్టమునకు నీరు పోసి మరల కుదుపవలెను. వేడినీరు పనికిరాదు. కలిపిన తేదీని సీసాపై వ్రాయవలెను. పెక్కు మందులకు కలిపిన తరువాత ఏడు దినములే గడువు. పెట్టెమీద ఎట్లున్నదో చూచి, మిగిలినది పారవేయవలెను. త్రాగించు ప్రతిసారియు కుదుపుట మరువరాదు. కుదుపని సీసాలో మందు అడుగున చేరును. బిడ్డకు మొదటి దినములలో పలుచని నీరును, కడపటి దినములలో చిక్కని మందును దక్కును.

కలిపిన మందులలో కొన్నింటిని ఫ్రిజ్‌లో ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. రెంటచింతల యెండలెరిగిన మన సీమలో వేసవి గదిలో మందు చెడుటకు ఎన్నాళ్లు పట్టును? ఫ్రిజ్ లేనివారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. కొన్ని మందులు చెంచెడు నీటిలో కరగు బిళ్లలుగా దొరకును. పసిపిల్లల న్యుమోనియాకు అమాక్సిసిలిన్‌ను అట్టి బిళ్లలుగా వాడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పినది.

ఇక కొలత. వైద్యుడు చెప్పు చిన్న చెంచా యనగా ఐదు మిల్లీలీటర్లు. మన వంటయింటి చెంచాలలో ఒకటి మూడు పట్టును, వేరొకటి ఏడు పట్టును. ఉగ్గుగిన్నె ఎంత ముద్దైనను కొలపాత్ర కాదు. గీతలున్న మూతగాని, సూదిలేని సిరంజిగాని వాడవలెను. మరియొక సంగతి మిక్కిలి ముఖ్యము: ఒకే పేరుగల మందు వేరువేరు బలములలో దొరకును. అమాక్సిసిలిన్ ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసాయు గలదు, 250 ఉన్నదియు గలదు. అంగడిలో సీసా మారినచో మోతాదును మారును. "ఎన్ని మిల్లీలీటర్లు, ఏ సీసాతో?" అని చీటీని, సీసాను ప్రక్కప్రక్కన పెట్టి అడుగుట మీ హక్కు. పురుగుమందు కొలిచిన పాత్రను ఎంత కడిగినను బిడ్డ మందునకు వాడరాదు. ఖాళీ మందుసీసాలలో పురుగుమందు పోసి దాచుట అంతకంటె ఘోరమైన తప్పు.

త్రాగించునపుడు బిడ్డను కూర్చుండబెట్టి, బుగ్గ లోపలివైపున కొంచెము కొంచెముగా పోయవలెను. ముక్కు మూసి, ఏడ్చుచున్న గొంతులో కుమ్మరించినచో మందు ఊపిరితిత్తుల దారి పట్టవచ్చును. సీసెడు పాలలో కలిపినచో బిడ్డ సగము వదలును. ఎంత లోపలికి పోయినదో తెలియదు. మందును మిఠాయి యని మరపించుటయు మంచిది కాదు. ఒకనాడు సీసా చేతికందినచో మిఠాయియే యనుకొని త్రాగును. దినమునకు మూడుసార్లన్న ఇంచుమించు ఎనిమిది గంటలకొకసారి, రెండుసార్లన్న పన్నెండు గంటలకొకసారి. ఒక పూట మరచినచో జ్ఞప్తికి రాగానే ఇయ్యవచ్చును. తరువాతి వేళ దగ్గరపడినచో విడువవలెనే గాని రెండింతలు పోయరాదు. త్రాగిన వెంటనే కక్కినచో మరల పోయుటకు ముందు వైద్యు నడుగవలెను. ఒంటిపై దద్దుర్లు లేచినచో మందు ఆపి వైద్యుని చూడవలెను. ముఖము, పెదవులు వాచినను, ఊపిరి యాడకున్నను క్షణమాలసింపక 108కి పిలువవలెను. విరేచనములు పట్టినచో ఓఆర్ఎస్ నీరిచ్చుచు, తల్లిపాలు మానక, వైద్యునికి తెలుపవలెను.

జ్వరము తగ్గెనని మూడవనాడే మందు మాని, మిగిలినదానిని మరుసటి నెల చిన్నబిడ్డకు త్రాగించు వాడుక మన యిండ్లలో కలదు. ఇందలి కీడు రైతునకు మేము చెప్పనక్కరలేదు. పల్నాడు గుంటూరు జిల్లాలోనే యున్న కాలమున, 1987-88లో, గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను శనగపచ్చ పురుగు పాడుచేసిన సంగతి పెద్దలెరుగుదురు. పైరిత్రాయిడ్ మందులను మరల మరల చల్లగా వానికి చావని పురుగు మిగిలి, తన సంతతిని పెంచెను. పంట పోయెను, అప్పు నిలిచెను. కొందరు రైతులు ప్రాణములే తీసికొనిరి. దేహములోని సూక్ష్మజీవులకును ధర్మ మిదియే. అక్కరలేనిచోట వాడినను, తక్కువ మోతాదున వాడినను, బలహీనమైనవి చచ్చి మొండివి మిగులును. మందునకు లొంగని బాక్టీరియావలన 2019లో ప్రపంచమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. పత్తికి వేరు మందు వెదకుకొంటిమి. బిడ్డకు వెదకుకొను వ్యవధి యుండునా?

అయినను తప్పంతయు తల్లులపై మోపుట మాకు సమ్మతము కాదు. సీసాపై అక్షరములు చీమతలలంత, అవియు ఇంగ్లీషున. మిరపకోతనుండి వచ్చిన తల్లి వాని నెట్లు చదువగలదు? అమ్మువారు చెప్పరు, కొనువారడుగరు. ఎరువుల మోతాదును గోడమీద తెలుగున వ్రాయించుకొనగలిగిన మనము, బిడ్డ మందు సంగతి వ్రాయించుకొనలేమా?

కావున మా సూచనలు మూడు. సహకార సంఘముల అంగళ్లలో సూదిలేని ఐదు మిల్లీలీటర్ల సిరంజీలను ఉంచవలెను. వాని వెల స్వల్పము. మందు కలుపు పద్ధతిని పెద్ద తెలుగక్షరములలో అచ్చువేయించి, పురుగుమందుల పట్టిక ప్రక్కనే అంటింపవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ఆరోగ్య కార్యకర్తను పిలిచి, సభ్యుల యిండ్లలోని స్త్రీల యెదుట ఒక సీసాను కలిపి చూపింపవలెను. ఈ ఖర్చు ఒక మందుబస్తా వెలకు మించదని మా నమ్మకము.

ఒకరికొరకు అందరు, అందరికొరకు ఒకరు అనునది సహకారధర్మము. ఒక యింట మందు చెడవాడినచో మొండి రోగము ఊరంతయు పాకును. ఒక యింట సరిగా వాడినచో ఊరంతటికిని మేలు. సభ్యులు నేడే తమ యింటి అటకమీది పాత సీసాలను దింపి చూతురుగాక.