కొనుటకు ముందు: గాలపు రీలు



ఇంటికి వలయు వస్తువులను గూర్చి ఈ పుటలో ప్రతిమాసమును ముచ్చటించుకొనుచున్నాము. కుట్టుమిషను, పిండిమర, ఇస్త్రీపెట్టె మొదలగువానిని గూర్చి ప్రశ్నలు వచ్చుట వాడుకయే. ఈ పర్యాయము ఇందుకూరుపేట ప్రాంతమునుండి యొక సోదరి పంపిన ప్రశ్న మాత్రము క్రొత్తది. చిన్ననాట తండ్రివెంట కాలువగట్టున కూర్చుండి గాలము వేయుట ఆమెకు అలవాటు. వెదురుకఱ్ఱ, దారము, బెండు, కొక్కెము, ఎఱ: ఇవియే యామె యెఱిగిన సామగ్రి. ఇప్పుడు కుట్టుపనివలన గడించి కూడబెట్టిన సొమ్ముతో "బెయిట్ కాస్టింగ్ రీలు" అనుదానిని కొనదలచినది. దుకాణమున రెండుమూడువేల రూపాయలది మొదలు ముప్పదివేలు దాటినది వఱకును చూపిరట. ఇంటిలోనివారు "ఆడుదానికి గాల మేమిటి? ఆ గాలమునకు యంత్ర మేమిటి?" అని నవ్వుచున్నారట. కొనుట తగునా? తగినచో ఏది కొనవలెను?

తగునా యన్న ప్రశ్నకు చిరకాలము ఆలోచింప నక్కఱలేదు. మన తీరమున మగవారు పట్టితెచ్చిన చేపను తట్టలో నెత్తిన బెట్టుకొని యూరూర దిరిగి యమ్మి, ఆ రూకలతో ఇల్లు నడుపునది స్త్రీయే. చేపను అమ్ముటకును, తోముటకును, పులుసు కాచుటకును తగినది, పట్టుటకు మాత్రము తగదనుట న్యాయము గాదు. అయినను "సొమ్ము నీటిపాలు చేసినది" అను మాట పడకుండుట యామె చేతిలోనే యున్నది. తెలియక కొన్న రీలు రెండు నెలలలో ఉప్పు పట్టి బిగుసుకొని బీరువాలో పడియుండినచో, ఆ నవ్వినవారే గెలిచినవారగుదురు. కావున ఈ వస్తువు నిజస్వరూపమును ముందుగా దెలిసికొందము.

దారమును చక్రమునకు చుట్టి చేప పట్టుట క్రొత్తది గాదు. చీనాదేశపు చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతమున వ్రాసిన చిత్రమందు, పడవలో కూర్చున్న జాలరి కఱ్ఱకు చిన్న చక్రము కట్టబడి కనబడును. మనము మాటలాడుచున్న రీలు మాత్రము గడియారముల పనివారి చేతులలో పెరిగినది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, పారిస్ అను పట్టణమందలి జార్జి స్నైడరు అను గడియారముల పనివాడు పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున, పిడిని ఒకమాఱు త్రిప్పిన కండె పలుమాఱులు తిరుగునట్లు పండ్లచక్రముల నమర్చి పేరుపొందెను. స్వీడను దేశమున 1921లో వెలసి, గడియారములను టాక్సీమీటర్లను చేయుచుండిన "అబూ" సంస్థ రెండవ ప్రపంచయుద్ధకాలమున రీళ్ల పనికి మరలి, 1950వ దశకమున "అంబాసడర్" అను రీలును లోకమునకు పరిచయము చేసెను. ఈ చరిత్రలో మన కక్కఱకు వచ్చు సంగతి యొకటి కలదు. ఇది గడియారమువంటి వస్తువు. గడియారమునకు ఏవి శత్రువులో దీనికిని అవియే శత్రువులు: ఇసుక, ఉప్పు, తడి. ఇందుకూరుపేట ప్రాంతమున ఆ మూడింటికిని కొదువలేదు.

ఇక పని చేయు విధము. సాధారణముగా దొరకు స్పిన్నింగ్ రీలులో కండె కదలక నిలిచియుండును. దారము దాని అంచుమీదుగా జాఱిపోవును. బెయిట్ కాస్టింగ్ రీలులో కండె కఱ్ఱకు అడ్డముగా నుండి, ఎఱ ముందునకు పోవుచుండగా తానును గిరగిర తిరుగును. నూతిలోనికి చేద విడుచునపుడు గిలక తిరుగుట చూచియున్నారు గదా! చేద నీటిని తాకి యాగినను గిలక యాగక తిరిగెనా, త్రాడు వదులై మెలిపడును. ఇచ్చటను అంతే. ఎఱ వేగము తగ్గినను కండె వేగము తగ్గనిచో దారమంతయు పొంగి పిట్టగూడువలె చిక్కుపడును. దీనిని ఆపునది బొటనవ్రేలు. ఎఱ నీటిని తాకు క్షణమున కండెపై వ్రేలు మెల్లగా నానించవలెను. ఇది మాటలతో రాదు, అభ్యాసముతో వచ్చును. వచ్చిన పిమ్మట, తుంగపొదల నడుమ జానెడు సందులోనికి ఎఱను గుఱిగా విసరుటకు దీనికి మించినది లేదు. బలమైన దారమును, మొండిచేపను తట్టుకొనుటయు దీని గుణమే.

మొదట వేసికొనవలసిన ప్రశ్న "ఏ కంపెనీది?" అని గాదు, "ఏ నీటిలో?" అని. ఆ సోదరికి చేరువలో మూడు విధముల నీరు కలదు. మొదటిది మైపాడు సముద్రతీరము. అలలను దాటించి విసరుటకు బరువైన సీసపు గుండును, నిలువెత్తుకు మించిన కఱ్ఱయు వలయును. అరచేతిలో నిముడు చిన్న రీలు అందులకు చాలదు. దారము ఎక్కువగా పట్టు పెద్ద రీలు కావలెను. రెండవది బకింగుహాము కాలువ, ఉప్పుటేరులు, ఊటుకూరువద్ద పెన్న సముద్రమున గలియు చోటు. పోటుపాటులతో ఉప్పునీరు వచ్చిపోవు ఇట్టి తావులలో పండుగప్ప తిరుగును. ఈ రీలునకు తగిన చోటు ఇదియే. మూడవది మంచినీటి చెఱువు. తామరతూడుల నడుమ నుండు కొఱమేనును తీగెలనుండి లాగివేయుటకును ఈ రీలు మిక్కిలి యనుకూలము. బెండుగాలముతో గట్టుప్రక్కన చిన్నచేపలు పట్టుటయే కోరిక యైనచో, వెదురుకఱ్ఱ చాలును, రీలే వలదు. ఎఱ బరువు ఏడెనిమిది గ్రాములకంటె తక్కువయైనచో కండె సరిగా తిరుగదు. అట్టివారికి స్పిన్నింగ్ రీలే మేలు. చేతిదారముతోనే పెద్దచేపలను పట్టు మత్స్యకారులు మన తీరమున నెందఱో కలరు. రీలు నేర్పునకు సాయమే కాని నేర్పునకు మాఱు గాదు.

రెండవ ప్రశ్న చక్రముల లెక్క. రీలుపై 5.4:1, 6.3:1, 7.3:1 అని అంకెలు వ్రాసియుండును. పిడి ఒకమాఱు తిరిగిన కండె ఎన్నిమాఱులు తిరుగునో ఆ యంకె చెప్పును. దారము చుట్టిన కండె అడ్డుకొలత 3.4 సెంటీమీటర్లనుకొందము. చుట్టుకొలత సుమారు 10.7 సెంటీమీటర్లు. 6:1 రీలులో పిడిని ఒకమాఱు త్రిప్పిన 64 సెంటీమీటర్ల దారము, అనగా రెండడుగులకు పైగా, లోనికి వచ్చును. అంకె పెరిగినకొలది వేగము పెరుగును, లాగు బలము తగ్గును. సైకిలు త్రొక్కువారికి ఈ సంగతి కాళ్లకే తెలియును. ఒకే రీలు కొనువారు 6కును 7కును నడుమ నున్నదానిని దీసికొనిన అన్నిటికిని సరిపోవును.

మూడవది కండెను నిగ్రహించు బ్రేకు. కొన్నిటిలో అయస్కాంతములు, కొన్నిటిలో కండెతో తిరుగుచు వెలుపలికి ఒరయు చిన్న దిమ్మెలు ఈ పని చేయును. అయస్కాంతపు బ్రేకును వెలుపలి మరతో సవరించుకొనవచ్చును. దిమ్మెల బ్రేకునకు పెక్కు రీళ్లలో ప్రక్కమూత విప్పవలసియుండును. నేర్చుకొనువారికి మొదటిది సులభము. పిడిప్రక్కన మఱియొక చిన్నమర యుండును. ఎఱ కట్టి మీట నొక్కినపుడు ఎఱ మెల్లగా దిగి, నేలను తాకగానే కండె యాగునట్లు దానిని బిగింపవలెను. ఎఱ మార్చినప్పుడెల్ల ఈ సవరణ చేయవలెను.

నాల్గవది డ్రాగు. పిడిమొదట నక్షత్రాకారముగా నుండు చక్రమే దీనిని సవరించునది. చేప బలముగా లాగినపుడు దారము తెగకుండ కొంచెము కొంచెముగా విడుచుటకై ఇది యేర్పడినది. దారము తట్టుకొను బరువులో నాలుగవవంతునకును మూడవవంతునకును నడుమ దీనిని నిలుపుట వాడుక. ఆఱుకిలోల దారమైనచో ఒకటిన్నర మొదలు రెండు కిలోలు. ఇంటిలో స్ప్రింగు త్రాసు ఉన్నచో దారమును దానికి కట్టి లాగి చూడుడు. దారము కుదుపులేక సమముగా రావలెను. ఆగి యాగి వచ్చినచో ఆ రీలు ఎంత చవుకయైనను వలదు. పండుగప్ప విదిలించు ఒక్క విదిలింపునకు దారము తెగును.

ఐదవది చేయి. ఈ రీళ్లలో పిడి కుడివైపుదో ఎడమవైపుదో కొనునపుడే నిశ్చయింపవలెను. స్పిన్నింగ్ రీలువలె తరువాత మార్చుటకు వీలులేదు. కుడిచేత విసరి, కఱ్ఱను చేయి మార్చుకొనకయే ఎడమచేత చుట్టదలచినవారు ఎడమపిడిని కొనవలెను. స్త్రీల చేయి చిన్నది గనుక, కఱ్ఱకు బిగించిన రీలును అరచేత బట్టి, బొటనవ్రేలు శ్రమలేక కండెను అందునో లేదో దుకాణములోనే చూచికొనుడు. రెండువందల గ్రాముల తూకము గలది మధ్యాహ్నము వఱకు విసరినను మణికట్టు నొవ్వదు.

పెట్టెమీద "పది బేరింగులు, పండ్రెండు బేరింగులు" అని పెద్ద యక్షరములతో వ్రాయుదురు. పూత చూచి నగను కొందుమా? నాసి బేరింగులు పండ్రెండుకంటె తుప్పుపట్టని మంచి ఉక్కువి నాలుగైదు మేలు. ఉప్పునీటికి పనికివచ్చునని తయారుచేసినవారు స్పష్టముగా చెప్పియున్నారా? విడిభాగములు దొరకునా? విప్పి శుభ్రము చేయగలవారు నెల్లూరిలోగాని చెన్నపట్టణమున గాని కలరా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పలేని దుకాణదారుని మాటలకు లొంగవలదు. పిడిని పట్టి ప్రక్కలకు కదపి చూడుడు, లొడలొడలాడరాదు. చెవియొద్ద నుంచుకొని త్రిప్పుడు. ఇసుక నలిగినట్టి చప్పుడు రాకూడదు.

సొమ్మంతయు రీలునకే పోయరాదు. కఱ్ఱ, దారము, ఎఱలు కూడ కొనవలయును గదా! కూడబెట్టినదానిలో సగమును రీలునకు వెచ్చించి, మిగిలినది తక్కినవానికి ఉంచుకొనుట యుక్తము. అగ్గువలో కడపటిదియు, ప్రియములో మొదటిదియు గాక నడిమివెలది కొనుడు. మొదటి యేడు చుట్టుటకు నైలాను ఏకదారము మంచిది. చిక్కు విప్పుట సులభము, చెడినను నష్టము తక్కువ. చేయి కుదిరినపిదప అల్లిక దారము చుట్టవచ్చును. అది జాఱకుండుటకై అడుగున కొన్ని చుట్లు నైలాను వేయవలెను. అల్లిక దారమును వట్టిచేతికి చుట్టుకొని ఎన్నడును లాగరాదు, కత్తివలె కోయును. కాలువకు పోవుటకు ముందు పెరటిలో, కొక్కెము లేని బరువును కట్టి, పదిదినములు చేటలోనికి గుఱిచూచి విసరుడు. ఇంటివారి నవ్వు అచ్చటనే సగము తగ్గును.

ఇంటికి రాగానే చేయవలసిన సేవ రెండు నిమిషములది. డ్రాగును బిగించి, మంచినీటిని సన్నగా పైన పోసి ఉప్పును కడుగుడు. నీట ముంచరాదు, కుళాయి బలముగా విడువరాదు, ఉప్పు లోనికి పోవును. మెత్తనిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, డ్రాగును వదులుచేసి యుంచుడు. బేరింగులకు అప్పుడప్పుడు రీలునూనె ఒక్కచుక్క చాలును. వంటనూనె పోయకుడు, జిగటయై పట్టుకొనును. రీలును ఇసుకపై పెట్టకుండుట అన్నిటికంటె పెద్ద సేవ.

పండుగప్పను గూర్చి యొక్కమాట. ఈ జాతి చేపలు సాధారణముగా మొదట మగవిగా పెరిగి, కొన్నియేండ్లకు ఆడువిగా మారును. కావున మిక్కిలి పెద్దవి ప్రాయికముగా ఆడుచేపలే. లక్షలకొలది గ్రుడ్లు పెట్టునవి అవియే. పులుసునకు నడితరముది చాలును. పెద్దది పడినచో తడిచేతులతో పట్టి, కొక్కెము తీసి నీట విడుచుట మఱుసటి యేటి చేపకు దారి చేయుట. మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు యంత్రపు పడవల వేట నిలిపివేయుటలో ఉద్దేశమును చేపలు వృద్ధిపొందవలెననియే.

చిక్కుపడి తెగిన దారమును గట్టున పాఱవేయకుడు. నైలాను ఏండ్ల తరబడి కుళ్లదు. నెల్లూరు తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్ల మెడలకును, కొంగల కాళ్లకును అది ఉరియగును. చేతిసంచిలో చిన్నడబ్బా యొకటి యుంచుకొని, తెగిన ముక్క లన్నియు అందులో వేసి యింటికి తెచ్చి, కత్తెరతో చిన్నచిన్న తునుకలుగా కత్తిరించి పాఱవేయుడు.