ఖాళీ లేదు

“ఖాళీ లేదండీ” యను మాట మన పాఠశాలలో బడిగంటకంటె నెక్కువ మాఱులు వినబడుచున్నది. ఉపాధ్యాయులకు లేదు, తలిదండ్రులకు లేదు, తుదకు ఆఱవ తరగతి బాలునకును లేదు. వాడు తెల్లవాఱుజామున ట్యూషను, పిదప బడి, సాయంకాలము మఱియొక ట్యూషను ముగించుకొని యిల్లు చేరునప్పటికి దీపములు వెలుగుచుండును. ఈ జబ్బు నాకును గలదు. రిజిష్టరులు, పట్టికలు, ఫోనులో వచ్చు సందేశములు, వార్షికోత్సవ నాటకము, వీనిలో మునిగియుండి, రెండేండ్ల క్రిందట వాచకము పట్టుకొని నా బల్లయొద్దకు వచ్చిన యొక బాలునితో “రేపు రా నాయనా” యంటిని. వాడు మఱి రాలేదు. వానికి చదువుటయే రాదని పరీక్షలనాటికి గాని నాకు తెలియలేదు.

అప్పుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. శ్రీకాకుళము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన యాయన పుట్టినరోజగు ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా ఏటేట జరుపుకొనుచున్నాము. పూలమాల వేయుచున్నాము గాని ఆయన దినచర్య నెవరును తలపము. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిరి. సంసారము, బడిపని, ప్రైవేటుగా చదివి ప్యాసు కావలసిన పరీక్షలు, మనకున్న పనులన్నియు ఆయనకును గలవు. అయినను కొండలనుండి దిగివచ్చు సవరల మాట నేర్వవలెనని నిశ్చయించుకొని, రెండు భాషలు నెఱిగిన యొకని నింట నుంచుకొని నేర్చిరి. ఆ భాషకు ఆయన వ్రాసిన వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. ఉద్యోగమున చేరిననాటినుండి లెక్కించిన నేబదియెనిమిది యేండ్లు! మన్నెపు జ్వరమునకు వాడిన క్వినైను మూలమున వినికిడి పోయెను. ఇతరుల పలుకు వినుటయే పనిగా పెట్టుకొన్నవారికి చెవులు పోవుట యెట్టిదో యూహింపుడు. అయినను పని విడువలేదు.

ఆయన ఒక్క పనినే పట్టుకొని కూర్చుండలేదు గదా, ముఖలింగ శాసనములు చదివిరి, వ్యావహారిక భాషకై పోరాడిరి అని పెద్దలు నన్నాక్షేపింపవచ్చును. నిజమే. కాని అవన్నియు నొక్క చెట్టు కొమ్మలే యని నా నమ్మకము. మనుష్యుని పలుకే ఆ చెట్టు. (ఈ మాట గ్రాంథికమున వ్రాయుచున్నందులకు పంతులుగారు నన్ను మందలించియుందురు. అలవాటు!)

ముఖ్యమైన దాని నెన్నుకొనుట అంత కష్టము కాదు. తక్కినదానిని విడుచుటయే కష్టము, ఏలయన నింద వచ్చును. నిరుడు నేను నాటకము వేయింపజాలనంటిని. నాటకము లేకయే ఉత్సవము ముగిసెను. పలువురు తలిదండ్రులు నొచ్చుకొనిరి. ఆ లోపము నాదే. కాని ఆ సాయంకాలములన్నియు నాలుగు గంటలకు, ఫోను బీరువాలో పెట్టి, చదువురాని ఆఱుగురు బాలురతో వేపచెట్టు క్రింద కూర్చుంటిని. ఇద్దఱకు ఒత్తులు ఇంకను తడబడుచున్నవి.

తలిదండ్రులారా, మీ పిల్లవాని రెండు ట్యూషనులలో నొకటి మాన్పించి, ఆ గంట వానిచేత బిగ్గఱగా చదివించి వినుడు. మార్కులు తగ్గునేమో, నేను హామీ యియ్యజాలను.

మొన్న విహారయాత్రకు పోవుచు ఆమదాలవలసలో రైలుకొఱకు నిలిచియుంటిమి. ఆ యాఱుగురిలో నొకడు స్టేషను పలకవంక చూచి, పెదవులు కదపుచు అక్షర మక్షరము కూడబలుకుకొని, నావైపు తిరిగి, “మాస్టారూ, మనమందరం ఆమదాలవలస అంటాం గదా, ఇక్కడేటి శ్రీకాకుళం రోడ్డని రాసారు?” అని యడిగెను. బండి వచ్చువఱకు వానికి జవాబు చెప్పుచునే యుంటిని.