మతిమరుపునకు కావలసినది పరీక్ష కాదు, ఆసరా

వృద్ధులున్న ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. వచ్చినవారు మంచం ప్రక్కన కూర్చుని "అవ్వా, నేనెవరో చెప్పు చూద్దాం!" అని నవ్వుతూ అడుగుతారు. అవ్వ తేరిపార చూసి ఏదో ఒక పేరు చెబుతుంది. అది తప్పవుతుంది. "కాదవ్వా, బాగా చూసి చెప్పు" అని మరొకరు అందుకొంటారు. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. ఇటువంటి పరీక్షలు నాలుగైదు జరిగిన పిదప, ఎవరు వచ్చినా అవ్వ గోడవైపు తిరిగి పడుకొంటుంది.

ప్రేమతోనే జరిగే ఈ పరీక్ష వలన వృద్ధులకు మేలు లేకపోగా కీడు కలుగుతుందని నా అభిప్రాయం. కంటిచూపు తగ్గితే కళ్ళజోడు ఇస్తాము. కాలు తడబడితే చేతికర్ర ఇస్తాము. జ్ఞాపకం తడబడినప్పుడు మాత్రం ప్రశ్నలు వేస్తాము, విసుగుకొంటాము. 60 ఏళ్ళు దాటిన భారతీయులలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. కనుక ఇది ఏ కొద్ది ఇండ్ల సమస్యో కాదు.

తప్పు కూడా పాఠమవుతుంది

ఇంగ్లండుకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు అలాన్ బాడ్లీ, బార్బరా విల్సన్ తీవ్రమైన మతిమరుపు గలవారిని పరిశీలించి 1994లో ఒక ముఖ్యమైన సంగతిని వెల్లడించారు. ఆరోగ్యవంతుడు తాను చేసిన తప్పును గుర్తుంచుకొని, మరుసటిసారి దిద్దుకొంటాడు. మతిమరుపు గలవానికి తప్పు చేసిన సంగతి గుర్తుండదు. కాని నోటి నుండి వెలువడిన తప్పు జవాబు మాత్రం లోలోపల బలపడి, మరుసటిసారి అదే ముందుకు వస్తుంది. అందువలన ఊహించి చెప్పమని ఒత్తిడి చేయక, సరియైన జవాబును ముందుగానే అందించి, దానినే పలికించడం మేలు.

దీనిని మన ఇండ్లలో ఆచరించడానికి ఏ ఖర్చూ లేదు. "అవ్వా, నేను నీ పెద్దకూతురి కొడుకును. పలమనేరు నుంచి వచ్చినాను" అని చెప్పి చేయి పట్టుకొంటే చాలును. కొంతసేపటికి మరల ఒకసారి, ఇంకొంత వ్యవధి ఇచ్చి మరొకసారి అదే మాట చెప్పాలి.

చరకుడు చెప్పిన ఎనిమిది కారణాలు

చరక సంహిత శారీర స్థానం మొదటి అధ్యాయంలో స్మృతి కలగడానికి ఎనిమిది కారణాలు పేర్కొనబడినవి. నిమిత్తం, రూపగ్రహణం, సాదృశ్యం, వైపరీత్యం, మనస్సును లగ్నం చేయడం, అభ్యాసం, జ్ఞానయోగం, మరల వినడం అనేవి ఆ ఎనిమిది. స్మృతి ఊరకే పుట్టదనీ, దానిని తట్టిలేపే ఆధారం ఏదో ఒకటి ఉండాలనీ దీని సారాంశం. పైన చెప్పిన ఆంగ్ల పరిశోధకుల పద్ధతిలో అభ్యాసమూ, మరల వినడమూ ఉన్నవి. ఆనాటి గ్రంథంలో ఈనాటి శాస్త్రమంతా ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే, ఆధారాన్ని అందివ్వడం పరిచారకుల విధి అని రెండింటి నుండీ మనం గ్రహించవచ్చును.

ఇంట్లో నువ్వులనూనెతో తలకు మర్దన చేసే అలవాటున్నచో, ప్రతిదినం ఒకే వేళకు, ఒకే మనిషి చేయడం మంచిది. ఆ వాసన, ఆ చేతి స్పర్శ "ఇక స్నానం, ఆపైన భోజనం" అని గుర్తుచేసే నిమిత్తములవుతాయి.

యంత్రం మన భాషలో మాట్లాడాలి

తలకు దెబ్బ తగిలిన కుమారుని కొరకు అమెరికాలో ఒక ఇంజనీరు, ఒక మనస్తత్వ నిపుణునితో కలిసి, చేయవలసిన పనులను వేళకు గుర్తుచేసే పేజరు ఏర్పాటును రూపొందించాడు. బార్బరా విల్సన్ బృందం దానిని 143 మందిపై పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించింది. వారిలో నూటికి 80 మందికి పైగా మందులు వేసుకోవడం వంటి నిత్యకృత్యాలను మునుపటికంటె సక్రమంగా చేయగలిగారు. వీరిలో అధికులు మెదడుకు గాయమైనవారు. క్రమంగా ముదిరే డిమెన్షియాలో అంత ఫలితం ఆశించరాదు. అయినా తొలిదశలోనే అలవాటు చేసినచో కొంతకాలం అక్కరకు వస్తుంది.

ఈనాడు ఆ పని చేయడానికి ఇంట్లోని సెల్‌ఫోను చాలును. అయితే అది ఏ భాషలో పలుకుతున్నదన్నది ముఖ్యం. తెలియని గొంతు ఇంగ్లీషులోనో హిందీలోనో పలికితే పెద్దలు బెదరిపోతారు. "నాయనా, ఎనిమిదయింది, బిళ్ళ వేసుకో" అని కూతురి గొంతుతోనే రికార్డు చేసి పెట్టాలి. వారానికి ఏడు గళ్ళున్న మాత్రల డబ్బా, వారమూ తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో కనిపించే పలక కూడా ఇటువంటి ఆసరాలే.

భాష సంగతి మన జిల్లాలకు మరింత ముఖ్యమైనది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు అందులో తేలింది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. పరిశోధకులందరూ దీనితో ఏకీభవించలేదు. అయినా కుప్పం నుండి నగరి వరకు తెలుగుతో పాటు తమిళమో, కన్నడమో, ఉర్దూనో మాట్లాడే మనవారికి ఇది సంతోషం కలిగించే విషయం.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. వ్యాధి ముదిరినకొద్దీ కొందరు చిన్ననాటి భాషకు మరలిపోతారు. వేలూరు, గుడియాత్తం వైపు నుండి కోడలుగా వచ్చిన అవ్వ ఒకనాడు తమిళంలోనే మాట్లాడసాగితే, ఆ భాష రాని మనుమలు దానిని పిచ్చిమాటలుగా భావించరాదు. తమిళం తెలిసిన పొరుగువారిని పిలిచి ప్రక్కన కూర్చోబెట్టండి.

ఆకులు, లేహ్యాలు ఎంతవరకు?

మేధ్య రసాయనాలుగా చరకుడు మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పాడు. మండూకపర్ణినే మనం సరస్వతి ఆకు అంటాము. ఆకుకూరగా దానిని పప్పులోనో, పచ్చడిలోనో అప్పుడప్పుడు వాడుకోవచ్చును. కాని ముదిరిన డిమెన్షియాను ఈ మూలికలు వెనుకకు మరలిస్తాయని నిరూపణ కాలేదు. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు తెలిపారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని అంగీకరించలేదు. ఏది ఎట్లున్నా, వైద్యుని పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి కషాయాలు త్రాగరాదు. మూలికను నమ్మి రక్తపోటు, మధుమేహం మాత్రలను మానివేయడం మిక్కిలి ప్రమాదకరం. ఆ రెండు వ్యాధులే డిమెన్షియాకు దారితీయగలవు.

మతిమరుపు అంతా డిమెన్షియా కాదని కూడా పాఠకులు గమనించాలి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత, కొన్ని రకాల మందులు కూడా మతిమరుపును కలిగిస్తాయి. వీటిని గుర్తిస్తే చికిత్స ఉన్నది. రెండు మూడు రోజులలోనే మనిషి తికమకపడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. చెవుడు కూడా డిమెన్షియాకు ఒక కారణమని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం 2024లో పేర్కొన్నది. కనుక వినికిడి యంత్రం కూడా జ్ఞాపకానికి ఆసరాయే. నరాల వైద్య విభాగం తిరుపతిలోని స్విమ్స్‌లో ఉన్నది.

కొండకు వెళ్ళేవారికి ఒక మాట

తిరుమల జనసమ్మర్దంలో పెద్దలు తప్పిపోవడం ఎంత సులభమో మనకు తెలుసు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. తలనీలాలు సమర్పించిన తరువాత ముఖం మారిపోతుంది. ఇంటి నుండి తెచ్చిన ఫోటో చూపి వెదికితే ఎవరూ పోల్చుకోలేరు. అందుచేత కల్యాణకట్ట నుండి వెలుపలికి రాగానే, కట్టుకొన్న బట్టలు కనబడేటట్లు సెల్‌ఫోనులో క్రొత్త ఫోటో తీసుకోవాలి. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన గుడ్డముక్కను చొక్కా లోపలివైపున కుట్టాలి. ఉన్నచోటును తెలిపే జీపీఎస్ గడియారం కొనగలిగితే మంచిదే. దాని చార్జింగు అయిపోవచ్చును, గుడ్డముక్కకు ఆ బెడద లేదు. గడియారం తొడిగేటప్పుడు సంగతి చెప్పి, వారి ఇష్టంతోనే తొడగాలి. పెద్దవారిని పశువుకు గంట కట్టినట్లు చూడరాదు.

మనకు మాటలు నేర్పిన రోజులలో మనం ఒకే ప్రశ్న నూరుసార్లు అడిగినా విసుగు లేక నూరుసార్లు జవాబు చెప్పినవారు వీరే. ఇప్పుడు జవాబు చెప్పే వంతు మనది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు అవ్వను ఏమీ అడగకండి. ప్రక్కన కూర్చుని మీ పేరు మీరే చెప్పండి.