వ్యాను వంకర నడక

ఆడవాళ్ళు తోలితే బండికి లేనిపోని రోగాలొస్తాయని నమ్మే మగవాళ్ళలో మొన్నటి శ్రావణమాసం దాకా నేనూ ఒకణ్ణి. ఇప్పుడా జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. ఆ వైనం మనవి చేసుకుంటాను.

మాకో ఓమ్నీ వ్యాను వుంది. 2012లో కొన్నది. డబ్బా ఆకారం, పక్కకి జరిగే తలుపులు, ముందు సీటు కింద ఇంజను - మీరెరగని బండి కాదు. 1984లో మారుతీ వ్యాను అన్న పేరుతో వచ్చి, తరవాత ఓమ్నీ అయి, 2019లో తయారీ ఆగిపోయింది. మాది మటుకు ఆగలేదు. మా ఆవిడ ఆగనివ్వలేదు. తణుకులోని మా వంటింటి నుంచి పదకొండు కిలోమీటర్ల అవతల వున్న ఒక ఆడపిల్లల హాస్టలుకి రోజూ అరవైమందికి మధ్యాహ్నం భోజనం వెళుతుంది. అన్నం గుండిగలు, సాంబారు కేను, కూరల గిన్నెలు వెనక సర్ది, కొంగు బిగించి తనే తోలుకుపోతుంది. దారిలో ఏడు కిలోమీటర్లు కాలవగట్టు. పోయేటప్పుడు కాలవ ఎడమచేతి వైపు.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు ఇంటికొచ్చి, "ఏవండీ, బండి మాట వినటం లేదు. ఆక్సిలేటరు తొక్కితే ఎడమకి పోతోంది. బ్రేకు తొక్కితే కుడికి లాగుతోంది" అంది.

"బండి అన్నాక లాగితే ఒకవైపే లాగుతుందే! రెండువైపులా లాగేది కాపురం ఒక్కటే" అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను. అయినా భర్తననిపించుకోవాలి గనక మర్నాడు షెడ్డుకి తీసుకుపోయాను.

మొదటి మెకానిక్కు ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, రెండుచేతులా అటూ ఇటూ పట్టుకుని వూపాడు. (జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి. కింద దిమ్మ పెట్టాలి.) గడియారంలో మూడూ తొమ్మిదీ దగ్గర పట్టుకుని వూపితే చక్రం ఆడిందంటే స్టీరింగు తాలూకు టైరాడ్ ఎండ్లలో వదులున్నట్టు. పన్నెండూ ఆరూ దగ్గర ఆడితే బేరింగో, బాల్ జాయింటో. మాది మూడు - తొమ్మిది దగ్గర ఆడింది. టైరాడ్ ఎండ్లు మార్చాడు. వారం తిరక్కుండా మా ఆవిడ మళ్ళీ అదే మాట.

రెండో ఆయన షాకబ్జర్లు అన్నాడు. నూనె కారుతున్న సంగతి నాకూ చూపించాడు. మార్చాం. మళ్ళీ అదే మాట. మూడోచోట కంప్యూటరు మీద ఎలైన్‌మెంటు చేయించాం, ఒకసారి కాదు, మూడుసార్లు. చేయించిన రోజున స్టీరింగు చక్రం నిటారుగా వుండేది. నాలుగు రోజులకి ఓ పక్కకి ఒరిగేది. ఆపైన టైర్లు అటువి ఇటూ, ఇటువి అటూ మార్పించాం. అన్నీ కలిపి పద్నాలుగువేల ఎనిమిదివందలు.

వాళ్ళెవరూ మోసగాళ్ళు కారని ఒప్పుకోవాలి. అరిగిన ముక్క ప్రతిసారీ నా చేతిలో పెట్టే చూపించారు. తిరకాసంతా అక్కడే వుంది. పాత బండిలో ఏ మూల వెతికినా ఓ దొంగ దొరుకుతాడు. దొరికిన దొంగల్లా మన ఇంటికి కన్నం వేసినవాడు కాడు గదా! పైగా ఈ వ్యానులో కూర్చున్న మనిషి సరిగ్గా ముందు చక్రాల మీదే కూర్చుంటాడు. జబ్బు ఎక్కడున్నా చేతులకి తెలిసేది స్టీరింగులో. అందుకని అందరూ ముందే వెతికారు.

రిపేరయిన ప్రతిసారీ మెకానిక్కు బండి తోలి చూసేవాడు. పక్కన నేను కూర్చునేవాణ్ణి. గుండిగలుండేవి కావు, సాంబారుండేది కాదు. ఖాళీ బండి పెళ్ళికొడుకులా బుద్ధిగా నడిచేది. "చూశారుగా, బ్రహ్మాండం!" అనేవాడు. "చూశావుగా" అని నేను ఇంటికొచ్చి అనేవాణ్ణి. "తోలేది నేనైతే మిమ్మల్ని అడుగుతారేం?" అని మా ఆవిడ ఒకసారి అంది. నాకు వినిపించలేదు. అంటే, విన్నాను.

శ్రావణ శుక్రవారం ముందురోజు పొద్దున్న తాళంచెవి తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇవాళ నేను వెళ్ళను."

"ఏమొచ్చింది?"

"నిన్న ఎడమ చక్రం గట్టు మట్టిలోకి దిగింది. పిల్లలు ఆకలితో వుంటారని ఎలాగో పైకెక్కించి పోయాను. ఇవాళ నాకు చేతులాడటం లేదు."

నిన్న జరిగింది నిన్న చెప్పలేదేమని అడగబోయి మానేశాను. చెబితే ఏమనేవాణ్ణో నాకూ తెలుసు, తనకీ తెలుసు.

వంట సిద్ధంగా వుంది. అరవైమంది పిల్లలు. గత్యంతరం లేక నేనే కూర్చున్నాను. బరువుతో ఆ బండి తోలటం నాకదే మొదలు. గట్టెక్కి నలభై దాటగానే బండి ఎవరో చెయ్యి పట్టుకు గుంజినట్టు ఎడమకి, నీళ్ళవైపు ఒరిగింది. కుడికి తిప్పి సరిచేశాను. ఇంతలో ఎదర ఓ సైకిలాయన. బ్రేకు తొక్కాను. అంతే, ఎడమకి పోతున్న బండి చటుక్కున కుడికి తిరిగి, ఎదురొస్తున్న ధాన్యం లారీ ముందు నిలబడింది. లారీవాడు ఆపాడు గనక ఈ వ్యాసం రాస్తున్నాను. వెనక సాంబారు వరద.

లారీ డ్రైవరు దిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వ్యాను చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఇలా ఖాళీ బండి మీద కూడా వస్తదాండీ? లోడు మీదే వస్తదా?" అన్నాడు.

"మా ఆవిణ్ణి అడగాలి" అన్నాను. ఆ మాట నా నోట రావటం అదే ప్రథమం.

"లోడు మీదే అయితే మెకానిక్కు కాదండి, కమాను షాపుకి పట్టుకెళ్ళండి" అని చెప్పి పోయాడు.

కమాను మేస్త్రికి డెబ్బై ఏళ్ళు దాటాయి. జీవితమంతా లారీల కింద గడిపిన మనిషి. నా కథ సగంలో ఆపి, "తోలేదెవరండీ?" అన్నాడు. చెప్పాను. "అయితే అమ్మగార్ని తీసుకురండి" అన్నాడు.

మా ఆవిణ్ణి నాలుగే ప్రశ్నలడిగాడు. లోడు మీదా, ఖాళీ మీదా? బ్రేకుకి ఎటు, గ్యాసుకి ఎటు? ఎప్పట్నుంచి? అంతకుముందు బండి కింద ఎవరైనా చెయ్యి పెట్టారా?

మొదటి మూడింటికీ జవాబులు మీకు తెలిసినవే. నాలుగోదానికి, "సంక్రాంతికి హాస్టల్లో ఇరవైమంది పిల్లలు పెరిగారండీ. బరువు పెరిగిందని వెనక కమాన్లకి ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాం" అంది.

నాకు చెమట పట్టింది. వేయించింది నేను. కొత్త యూ బోల్టులూ, సెంటర్ బోల్టులూ వెయ్యాలని ఆ షెడ్డువాడంటే, "పాతవి బాగానే వున్నాయిగా, అవే బిగించెయ్" అన్నది కూడా నేనే. కొన్నివందల కిలోమీటర్లు తిరిగాక వచ్చి మళ్ళీ బిగించుకోవాలని వాడు చెప్పలేదు. చెప్పినా వెళ్ళేవాణ్ణి కాదేమో.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ఈ వ్యాను వెనక ఇరుసు రెండు కమాను కట్టల మీద ఆధారపడి వుంటుంది. కట్ట మధ్యలో పట్టీలన్నిటినీ గుచ్చి ఒక సెంటర్ బోల్టు వుంటుంది. దాని తల ఇరుసు మీది గుంటలో కూర్చుని, ఇరుసు ముందుకీ వెనక్కీ జరక్కుండా కాపలా కాస్తుంది. పైన యూ బోల్టులు బిగించి పడతాయి. యూ బోల్టులు సడలితే భారమంతా ఆ చిన్న బోల్టు మీద పడుతుంది. ఓ రోజున అది తెగుతుంది. తెగాక ఆ పక్క ఇరుసుకి ఇల్లూ వాకిలీ లేదు. గ్యాసు ఇస్తే ముందుకి, బ్రేకు వేస్తే వెనక్కి జరుగుతుంది. మా బండికి తెగింది ఎడమది. ఎడమ కొస వెనక్కి జరిగితే వెనక చక్రాలు రెండూ ఎడమకి చూస్తాయి, బండి మూతి కుడికి తిరుగుతుంది. ముందుకి జరిగితే దానికి సరిగ్గా ఎదురు.

గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి, పడవకి చుక్కాని వెనక వుంటుందని నాకొకరు చెప్పాలా? వెనక కొద్దిగా తిప్పితే ముందంతా తిరుగుతుంది. బండిలో ఆ సంగతి తట్టలేదు.

ఇదంతా మేస్త్రి మాటల్లో చెప్పలేదు. టేపు తీసుకుని, కమాను ముందు చెవి బోల్టు నుంచి ఇరుసు దాకా కుడివైపు కొలిచాడు, ఎడమవైపు కొలిచాడు. ఎడమవైపు తొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కువ. లైటు వేసి చూపించాడు: యూ బోల్టు కింద ఎర్రటి తుప్పుపొడి, దాని పక్కనే ఇనుము రాసుకుని తళతళ మెరిసే గీత. కదలని చోట మెరుపుండదు గదా! కట్ట విప్పితే సెంటర్ బోల్టు రెండు ముక్కలుగా వచ్చింది. విరిగిన మొహంలో సగం నల్లగా, సగం తెల్లగా వుంది. నల్లసగం ఎప్పుడో బీట వారింది, తెల్లసగం ఈమధ్య తెగింది.

ఎలైన్‌మెంటు కాగితాలేమైనా వున్నాయా అన్నాడు. మా ఆవిడ సంచిలోంచి ఒకటి తీసింది. వెనకవైపు ఉల్లిపాయలు, చింతపండు, కందిపప్పు లెక్క రాసుకుంది. ముందువైపు వెనక చక్రాల గళ్ళల్లో ఎర్ర అంకెలు. ఒక చక్రం ఎంత లోపలికి చూస్తోందో, రెండోది దాదాపు అంతే బయటికి చూస్తోంది. అంటే ఇరుసు మొత్తం వంకరగా కూర్చుందని ఆ కాగితం ఆషాఢం నుంచీ మొత్తుకుంటూనే వుంది. అప్పుడు నేను అడిగితే ఆ కుర్రాడు, "వెనక అడ్జస్టుమెంటు వుండదండీ, అది పట్టించుకోకండి" అన్నాడు. అడ్జస్టుమెంటు వుండని మాట నిజమే.

కొత్త సెంటర్ బోల్టులు రెండు, కొత్త యూ బోల్టులు నాలుగు, కూలీ - అంతా పదహారువందలు. బండి బరువు చక్రాల మీద దింపాకే, ఒక్కో నట్టూ కొంచెం కొంచెంగా, ఎదురుబొదురుగా బిగించాడు. ఆ తరవాతే ఎలైన్‌మెంటుకి పొమ్మన్నాడు.

మర్నాడు మా ఆవిడ గుండిగలన్నీ ఎక్కించి, కాలవగట్టు మీద నలభైలో వుండగా స్టీరింగు మీద పట్టు కొంచెం సడలించి చూసింది. గ్యాసు ఇచ్చింది, బ్రేకు వేసింది. బండి గీత గీసినట్టు పోయింది. నాతో ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

అయిదువందల కిలోమీటర్లకి బోల్టులు మళ్ళీ బిగించాలి. ఆ తారీఖు మా ఆవిడ కాలెండరు మీద రాసిపెట్టింది. తనే తోలుతుంది. నేను పక్క సీట్లో, పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని.