చంద్రసాగర్ చేప ఎక్కడికి పోవాలి?

జువాలజీ చదివే మిత్రులారా! ఇసుకదొందు మీకు తెలిసిన చేపే. 1950లలో గంగానది దిగువ, మధ్య భాగాలలోనే అది విరివిగా ఉండేది. తరువాత హరిద్వారం వద్ద నీరు వెచ్చబడింది. ఇదీ ఎగువకు పాకిందని శాస్త్రజ్ఞులు రాశారు. సరే, దానికి పెద్ద నది ఉంది, దారి ఉంది.

మన అచ్చంపేట చేపకో? చంద్రసాగర్ కట్ట లోపలి చేప ఎండలు ముదిరితే నల్లమల గుట్టలెక్కుతుందా?

నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. పరకకు ఆ విద్య లేదు. పోతే పోయిందిలే అంటారు కొందరు. (పరకల పులుసు తిన్నవాడు ఆ మాట అనడు.) పరక దోమపిల్లలను తింటుంది, కొంగకూ కొర్రమట్టకూ తిండి అవుతుంది. బంగారుతీగ వేరు. అది అడుగు బురదను తవ్వుతుంది. బురదలోని సారం నీటిలో కలిసి పాచి పెరుగుతుంది. రాత్రిపూట ఆ పాచే ఆక్సిజన్ లాగేస్తే, తెల్లారేసరికి చేపలు నీటిపైన నోళ్లు తెరుస్తాయి. చేప మారితే చెరువు చేసే పనే మారిపోతుందన్నమాట.

2016లో మన రాష్ట్రంలో చెరువులలోకి ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలైంది. మత్స్యకారులకు అన్నం పెట్టే పని, కాదనను. కాని బొచ్చెలు, రవ్వలు ఎన్ని వదిలారని అడిగేవారే గాని, పరకలెన్ని మిగిలాయని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆ లెక్క మనమే రాయవచ్చు. ఒక థర్మామీటరు, ఒక నోటుబుక్కు, వల వేసే పెద్దమనిషి పక్కన పొద్దున్నే కూర్చునే ఓపిక చాలు. సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించడంకన్నా కష్టమేమీ కాదు. ఈ ఎండాకాలమే మొదలుపెడదాం, నీళ్లు అడుగంటకముందే.