మూడు రాత్రులు తోపులో ఉందామా?

ఉగాదికి మా వాళ్లమంతా ఒక కల్యాణ మండపంలో కలుస్తాం. మైకు, శాలువాలు, ప్రసంగాలు, పాయసంతో భోజనం. సాయంత్రానికి ఎవరి బస్సు వాళ్లది. మైకులో తెలుగు, కుర్చీల్లో తమిళం. ఎవరినీ తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ అంతే. అవ్వ తెలుగులో పిలుస్తుంది, పిల్లలు తమిళంలో పలుకుతారు.

అందుకే కెనడాలో యూదులు చేసుకునే ఒక పండుగ గురించి తెలిసినప్పుడు మాకు మనమే గుర్తొచ్చాం. దాని పేరు క్లెజ్‌కెనడా. 1996లో మొదలైంది. మాంట్రియల్‌కు ఉత్తరాన, లారెన్షియన్ కొండల్లో, చెరువు పక్కనున్న ఒక పిల్లల వేసవి శిబిరంలో ఏళ్ల తరబడి జరిగింది. ఆగస్టు చివర్లో ముసలీ ముతకా, పిల్లా పాపా దాదాపు వారం రోజులు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. పగలు యిడ్డిష్ భాష, పాట, ఫిడేలు, క్లారినెట్, నాట్యం నేర్చుకుంటారు. రాత్రి పొద్దుపోయేదాకా ఆట, పాట.

యిడ్డిష్ తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటి మందికి పైగా మాట్లాడేవాళ్లు. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఎక్కువమంది ఆ భాషవాళ్లే. మిగిలినవాళ్ల పిల్లలు అమెరికాలో ఇంగ్లీషుకు, ఇజ్రాయెల్‌లో హీబ్రూకు మారిపోయారు. ఆ ఘోరంతో మన కథను పోల్చకూడదు. మన భాషను ఎవరూ చంపలేదు. తీరిక లేదంటూ మనమే వదిలేస్తున్నాం.

వాళ్ల దగ్గర మాకు నచ్చిన మాట ఒకటుంది: దొయికైట్, అంటే ‘ఇక్కడితనం’. 1897లో విల్నాలో పుట్టిన బుండ్ అనే యూదు కార్మికుల పార్టీ ఆలోచన అది. ఉన్న ఊరే మన ఊరు, ఇక్కడే మన భాషతో తలెత్తుకుని బతకాలని దాని అర్థం. తరాలుగా ఈ కరిసల్ నేలలో ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంది? ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. మనవాళ్ల వలస కథను ఆయన తమిళంలో రాశారు, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. తమిళం మనకు పరాయిది కాదు. అలాగని ఇంటి మాట ఎందుకు పోవాలి?

వారం రోజుల పండుగతో భాష బతుకుతుందా అని అడగొచ్చు. బతకదు. ఇవాళ యిడ్డిష్‌ను ఇంట్లో, వీధిలో రోజూ మాట్లాడుతున్నది ఎక్కువగా హసిదిక్ కుటుంబాలే. పండుగ చేయగలిగింది వేరే. పదేళ్ల పిల్లకి, డెబ్బై ఏళ్ల తాతకి ఒకే చోట పని కల్పిస్తుంది. భాష పాఠంగా కాకుండా పనిలో పడుతుంది.

మా మాట ఇదీ. వచ్చే మే సెలవుల్లో మూడు రాత్రులు ఒక తోపులో ఉందాం. శాలువాలు వద్దు, ప్రసంగాలు వద్దు. పొయ్యి దగ్గర అవ్వలు సంగటి కెలుకుతూ చెప్పాలి, పిల్లలు నీళ్లు మోస్తూ వినాలి. పెళ్లి పాటలు, పొడుపు కథలు, తిట్లు కూడా రానీయండి. మన తెలుగు విజయవాడ తెలుగులా లేదని ఎవరూ నవ్వకూడదు, దిద్దకూడదు. మన యాసే మన ఆస్తి. మన కోడళ్లు, అల్లుళ్లు తమిళ ఇళ్లవాళ్లైతే వాళ్లనీ పిలుద్దాం.

ఖర్చు మండపం అద్దెకంటే తక్కువే అవుతుందని మా అంచనా. కావలసింది పాట తెలిసిన పెద్దవాళ్లు. మా ఇంట్లో అలాంటి అవ్వ ఇక ఒక్కరే ఉన్నారు. మీ ఇంట్లో ఎంతమంది?