పాటకు మంగళం, నిద్రకు మౌనం

దేవాలయానికి వచ్చే తల్లిదండ్రులు అర్చకులను అడిగే ప్రశ్నలలో ఈ మధ్య కొత్తది ఒకటి చేరింది. "మా వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే గానీ నిద్రపోడు స్వామీ, మాన్పించాలా?" అన్నదే ఆ ప్రశ్న. విజయవాడ నగరం చదువుల నగరం. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ పరీక్షల కోసం కృష్ణా, గుంటూరు పల్లెల నుంచి వచ్చి వసతిగృహాలలో ఉంటున్న పిల్లలు వేలలో ఉన్నారు. పగలంతా పాఠాలు, రాత్రి స్టడీ అవర్లు, ఆ తరువాత చెవిలో పాట. ఇంట్లో ఉన్న పిల్లల సంగతీ ఇందుకు భిన్నం కాదు. తండ్రి కోపంతో ఫోను లాక్కోవడం, బిడ్డ అలిగి తలుపు వేసుకోవడం అనేక గృహాలలో నిత్యకృత్యమైంది. కనుక ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు.

పాటతో నిద్రపుచ్చడం మనకు కొత్త కాదు. జోలపాట ఎరుగని తెలుగు లోగిలి లేదు. నీలాంబరి రాగాన్ని నిద్రకు అనువైనదిగా మన సంగీతజ్ఞులు ఎన్నడో గుర్తించారు. మానవులకే కాదు, దేవుడికి సైతం మనం జోల పాడతాము. తిరుమలలో ప్రతి రాత్రి ఏకాంతసేవలో భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచంపై పవళింపజేసి, తాళ్లపాక వంశీయులు లాలి పాడుతారు. ధనుర్మాసంలో ఆ సేవను చిన్ని కృష్ణుడు అందుకుంటాడు. అన్నమాచార్యులవారు పరమపదించిన 1503 తరువాత ఐదు శతాబ్దాలు గడచినా ఆ వంశానికి ఆ గౌరవం దక్కుతూనే ఉన్నది. ఇటువంటి సంప్రదాయంలో పుట్టిన మనము, పాట వింటూ నిద్రపోవడమే దోషమని పిల్లలతో ఏ ముఖంతో చెప్పగలము?

అయితే ఆ సేవలోనే మనం గమనించవలసిన మర్మం ఒకటి ఉన్నది. లాలి ముగుస్తుంది. హారతి ఇస్తారు. తలుపులు మూస్తారు. ఆపై సుప్రభాతం వరకు మౌనమే. పవళింపు సేవ జరిగే ఏ ఆలయంలోనైనా క్రమం ఇదే. పాట స్వామిని నిద్ర వాకిలి వరకు సాగనంపుతుంది. లోపలికి వెంట వెళ్లదు. తల్లి జోల సైతం అంతే. బిడ్డ కన్ను మూతపడగానే ఆమె గొంతు తగ్గుతుంది, ఆగుతుంది. 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో ఎన్నో ఇళ్లను మేల్కొలిపింది. ఆ రోజులలో రాత్రి ప్రసారాలు ముగిస్తే రేడియో కూడా విశ్రమించేది. నేటి ఫోనుకు ఆ ముగింపు లేదు. ఒక పాట అయిపోతే మరొకటి దానంతట అదే వస్తుంది. మంగళం పాడేవారు లేని కచేరీ అది.

నిద్ర ఎంత పవిత్రమైనదో ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతువుకు బోధించాడు. దారంతో కట్టిన పక్షి దిక్కులన్నిటికీ ఎగిరి, ఎక్కడా నిలువలేక, చివరకు కట్టుకొయ్య మీదనే వాలినట్లు, మనస్సు గాఢనిద్రలో తన మూలమైన సద్వస్తువును చేరుతుందని ఆ ఉపదేశ సారాంశం. ఆ పక్షి వాలే వేళ చప్పట్లు చరచవచ్చునా? తెల్లవార్లూ చెవిలో మ్రోగే పాట చేసేది అదే.

ఆధునిక పరిశోధనలు సైతం ఈ భేదాన్నే సూచిస్తున్నాయి. హంగరీలో నిద్రలేమితో బాధపడుతున్న విద్యార్థులు మూడు వారాలపాటు పడుకునే వేళ 45 నిమిషాలు శాస్త్రీయ సంగీతం వినగా వారి నిద్ర మెరుగుపడిందని 2008లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 2021లో మరొక సంగతి వెల్లడించారు. పడుకునే ముందు విన్న జనాదరణ గల పాటల బాణీలు నిద్రలోనూ మనస్సులో తిరుగుతూ విశ్రాంతిని చెరుపుతాయట. మాటలు లేని వాద్యరూపాలు మరింతగా పట్టుకుంటాయట. ఇక చెవి విషయం. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ మించరాదని, పిల్లలకు 75 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. రాత్రంతా చెవిలో ఉండే యంత్రం ఈ లెక్కను ఎంత త్వరగా దాటగలదో ఊహించవచ్చు.

"సినిమా పాటలు కాదు, స్తోత్రాలే వింటున్నాడు కదా, తప్పేమిటి?" అని కొందరు అడుగుతారు. భక్తిభావన మంచిదే. కానీ నవవిధ భక్తులలో మొదటిదైన శ్రవణం మెలకువతో చేయవలసినది. పరీక్షిన్మహారాజు ఏడు రోజులు మేల్కొని భాగవతం విన్నాడు. లోకంలో ప్రచారంలో ఉన్న అభిమన్యుడి కథ తలచుకోండి. సుభద్ర నిద్రలోకి జారగా చెప్పడం నిలిచిపోయి, గర్భస్థ శిశువుకు పద్మవ్యూహంలో ప్రవేశమే తెలిసింది గానీ నిర్గమనం తెలియలేదు. నిద్రలో విన్నది సగమే అందుతుంది. సహస్రనామమైనా సరే, తెల్లవార్లూ వినేవారు లేకుండా మ్రోగితే అది పారాయణ కాదు, శబ్దం మాత్రమే.

ఇక్కడ పెద్దలు తమ వంక చూసుకోవాలి. హాలులో అర్ధరాత్రి దాకా టీవీ మ్రోగించే తండ్రి, బిడ్డ ఇయర్‌ఫోనును తప్పుపట్టే అధికారం కోల్పోతాడు. ఆలయాల వారమూ ఇందుకు మినహాయింపు కాము. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు మ్రోగించరాదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఏడాదిలో కొద్ది ఉత్సవ దినాలలో, అదీ ప్రభుత్వ అనుమతితో, అర్ధరాత్రి వరకే సడలింపు. చదువుకునే పిల్లల కంటికి కునుకు రానివ్వని భజన స్వామికి ప్రీతికరం కాజాలదు.

అన్నిటికంటె ముఖ్యం, ఆ బిడ్డ పాటను ఎందుకు ఆశ్రయించాడో తెలుసుకోవడం. యౌవనారంభంలో నిద్ర వేళ సహజంగానే వెనక్కు జరుగుతుందని వైద్యులు చెబుతారు. అది మొండితనం కాదు. ఇల్లు విడిచి వసతిగృహంలో ఉన్న పిల్లకు ఆ పాట అమ్మ గొంతుకు బదులు కావచ్చు. మార్కుల భయంతో మౌనాన్ని భరించలేని పిల్లవాడికి అది ఊతకర్ర కావచ్చు. కారణం అడగకుండా ఊతకర్ర లాగివేస్తే పడిపోయేది మన బిడ్డే.

కనుక నిషేధం వద్దు, నియమం కావాలి. కాళ్లు కడుక్కొని, దైవస్మరణ చేసుకుని, దీపం తగ్గించి, మెలకువతో ఒకటి రెండు పాటలు వినమనండి. ఇయర్‌ఫోన్లకు బదులు మంద్రస్థాయిలో గది అంతటా వినిపించనివ్వండి. అర గంటకో ముప్పావు గంటకో దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఫోనులోనే ఉంటుంది, పెట్టించండి. గదిలో పదిమంది ఉండే వసతిగృహాలలో చెవిలో పెట్టుకోక తప్పదంటే, శబ్దం తగ్గించి, కన్ను మూతపడేలోగా తీసివేసే అలవాటు నేర్పండి. వీలైన రాత్రి మీరే పిల్లల పక్కన కూర్చోండి. దూరాన ఉన్నవారితో రెండు చల్లని మాటలు మాట్లాడండి, ఆనాడు మార్కుల ప్రస్తావన వద్దు. శ్రుతి తప్పినా సరే, అమ్మమ్మ పాడిన కీర్తనకు సాటి వచ్చే యంత్రం లేదు.

యుక్తమైన ఆహారము, యుక్తమైన నిద్ర, యుక్తమైన మెలకువ గలవాడికే యోగం దుఃఖనాశకమవుతుందన్నది గీతాచార్యుని బోధ. మన పిల్లల చదువూ ఒక యోగమే. వారి పాటకు ఒక మంగళం, వారి నిద్రకు ఒక మౌనం సమకూర్చడం పెద్దల విధి. జగన్మాత కనకదుర్గమ్మ చల్లని చూపు ఆ బిడ్డలందరినీ కాపాడుగాక!